లైబ్రరీలో నవ్వినందుకు

మార్చి 5, బుధవారం

ఈ రోజు లైబ్రరీలో కూర్చున్నాను.

అత్తకు కంట్లో వేసే చుక్కల మందు కోసం బజారుకు పోయాను. మందు రాయదుర్గం బస్సులో రావాలి, కాసేపు ఆగమన్నాడు షాపాయన. ఎండ అప్పటికే నెత్తిన పేలుతోంది. ఎదురుగా లైబ్రరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నీడకు కాసేపు కూర్చుందామని పోయాను. అంతకు మించి ఏమీ లేదు.

ఈ ఊరికి కోడలినై వచ్చినప్పటి నుంచి ఆ తలుపు ముందు నుంచే నడుస్తున్నాను. గడప లోపల కాలు పెట్టడం ఇదే మొదలు. లోపల పొడవాటి బల్ల, చుట్టూ మగవాళ్లు, ఒక్కొక్కరి ముఖానికి అడ్డంగా ఒక్కో పేపరు. నేను అడుగు పెట్టగానే పేపర్లన్నీ కొంచెం దిగాయి. కూర్చోగానే మళ్లీ లేచాయి. బొట్టు లేని ముఖంతో బజారులో కనబడడమే ఎక్కువ, ఈమె మా పక్కన కుర్చీ లాక్కుంది ఏమిటా అనుకుని ఉంటారు. అనుకోనీ.

లైబ్రేరియన్ దాదా ఖలందర్ వచ్చి, పేపరు కావాలా అమ్మా అని అడిగి ఒకటి చేతికిచ్చి పోయాడు. నేను ఒక్క అక్షరం చదవలేదు. పేపరు పైనుంచి బీరువాలు చూశాను. మూడో బీరువా మీద ‘ఆరోగ్యం’ అని చీటీ అంటించి ఉంది.

బస్సు వచ్చింది. మందు తీసుకుని ఇంటికి వచ్చాను.

మార్చి 6, గురువారం

పోలేదు. పోవాలనిపించలేదు కూడా.

మార్చి 7, శుక్రవారం

శుక్రవారం లైబ్రరీకి సెలవట. తాళం చూసి వెనక్కి వచ్చాను.

మార్చి 9, ఆదివారం

దాదా ఖలందరన్నను గుండె గురించి పుస్తకం ఉందా అని అడిగాను. రంజాన్ నెల, రోజా ఉపవాసం ఉన్నాడేమో, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బీరువా తెరిచి, వెతికి, లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ఎందుకని అడగలేదు. మా ఆయన పోయిన దగ్గర నుంచి, అత్త కాకుండా, నన్ను ఏమీ అడగని మనిషిని ఈ రోజే చూశాను. అందరూ అడిగేవాళ్లే. ఎట్ల పోయినాడు, అంతసేపు ఏం చేస్తాంటివి, నీకు తెలీలేదా.

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాసుకుంటాను.

ఆ రోజు తెల్లవారగానే ఆయన కడుపులో మంట అన్నాడు. కళ్యాణదుర్గం ఆసుపత్రికి పోదాం లెమ్మన్నాను. వినలేదు. ‘గ్యాస్ అది. కరెంటు వచ్చే టయానికి తోటలో ఉండాల, చీనీ చెట్లు ఎండిపోతాండాయి’ అన్నాడు. మజ్జిగ అడిగాడు, ఇచ్చాను. ఆయనకు తెలియకుండా దొడ్లోకి పోయి మరిది నాగేశ్వరకు ఫోను చేశాను. ఇంట్లో కారు ఉన్నది అతని దగ్గరే. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎవరో నాయకుడి మీటింగులో ముందు వరుసలో ఉన్నాడట. అతను తిరిగి ఫోను చేసేసరికి మా ఇంటి నిండా జనం.

పదకొండో రోజు భోజనాల దగ్గర, బంధువులందరి ముందు నాగేశ్వర అన్నాడు: ‘కడుపుమంట అంటే మజ్జిగిచ్చి పండబెట్టింది మా వదిన. నాకొక మాట చెప్పింటే మా యన్న బతికేటోడు.’

నేను అతని వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు. నోరు తెరవబోయాను, పక్కనే అత్త కూర్చుని ఉంది. మా అత్త బయమ్మకు ఇద్దరు కొడుకులు. ఒకడు పోయాడు. ఉన్న ఒక్కడి మీద ఆ మాట ఎట్లా వేస్తాను? మింగేశాను. ఆ రోజు నుంచి ఊరంతా మజ్జిగ మాటే.

కడుపులో మంటకూ గుండెకూ ఏమిటి సంబంధం? అది తెలుసుకోవాలి. అందుకే ఆ పుస్తకం. తెరవలేదు. ముందు పక్క బీరువాలో సముద్రం గురించి ఒక పుస్తకం కనిపించింది, అట్ట బాగుంది, అది తీశాను. గుండె పుస్తకం యాడికి పోతుంది, రేపు చదవచ్చు.

మార్చి 12, బుధవారం

పొద్దున వంట చేసి పోతున్నాను, సాయంత్రం నాలుగుకు మళ్లీ పోతున్నాను. అత్త యాడికి అని అడగదు. తోడికోడలు మౌనిక అడిగింది. చల్లగా ఉంటుందని పోతాండా అన్నాను. అది నిజమే. అక్కడ ఫ్యాను తిరుగుతుంది.

నేను సముద్రం చూడలేదు. చెరువు నిండడం కూడా పెళ్లయ్యాక ఒక్కసారి చూశాను. ఆ పుస్తకంలో సముద్రం అడుగున వెలుతురు చేరని లోతు గురించి ఉంది. అక్కడ బతికే చేపలు తమ వెలుతురు తామే పుట్టించుకుంటాయట. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. ఎవరూ లెయ్యమనలేదు. ఒకే పేజీ ఎంతసేపు చూసినా అడిగేవాళ్లు లేరు. ఇంట్లో ఒక కిటికీ దగ్గర అంతసేపు నిలబడితే, ఏమైంది అంటారు.

ఇంటర్ రెండో ఏడు మధ్యలో పెళ్లయింది. చదవడం మరిచిపోయానేమో అని భయపడ్డాను. మరిచిపోలేదు. మొదట్లో కళ్లు వాక్యం మధ్యలో జారిపోయాయి. ఇప్పుడు జారడం లేదు.

మార్చి 15, శనివారం

సముద్రం అయిపోవచ్చింది. ఈ మధ్యలో ఎడారి మనుషుల మీద ఒకటి, తేనెటీగల మీద ఒకటి చదివాను. ఎడారి వాళ్లు నీళ్లు దాచుకునే పద్ధతి చదువుతుంటే మా ఊరి ఆడవాళ్లు వచ్చి చెప్పినట్టుంది. ఇన్ని పుస్తకాలు ఇక్కడ ఇన్నేళ్లుగా ఉన్నాయి. నేను ఆ వీధిలోనే కూరగాయలు కొనుక్కుని పోయాను. ఎవరూ నన్ను రావద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. రమ్మని పిలవకపోయినా పోవచ్చని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

గుండె పుస్తకం బల్ల మీదే పెట్టుకుని కూర్చుంటున్నాను. దాదా ఖలందరన్న దాన్ని బీరువాలో పెట్టడం మానేశాడు.

మార్చి 18, మంగళవారం

నవ్వాను.

ఆక్టోపస్ అని ఒక జీవి. ఎనిమిది కాళ్లు. దానికి మూడు గుండెలట. ఈదేటప్పుడు అందులో ఒకటి ఆగిపోతుందట, అందుకని ఈదడం కంటే పాకడమే దానికి ఇష్టమట. చదువుతుండగానే చెవి పక్కన ఆయన గొంతు వినిపించింది. ‘మూడు మోటార్లా? మన కరెంటుకు ఒగటే తిరగదు గదే.’ ఆయన ఉంటే అదే అనేవాడు. సరిగ్గా అట్లే, తువ్వాలు దులుపుకుంటూ. నవ్వు వచ్చేసింది. చిన్నగా కాదు. పొట్ట పట్టుకుని నవ్వాను. కళ్లల్లో నీళ్లు కారాయి. కొంగుతో తుడుచుకున్నా ఆగలేదు.

పేపర్లు అన్నీ దిగాయి. ఈసారి లేవలేదు.

ఎదురుగా రోజూ కూర్చునే తిప్పయ్య, ఏమైందమ్మా అన్నాడు. ఏం చెప్పను? ఏమీ లేదు పెద్దాయనా, దీనికి మూడు గుండెలు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. దాదా ఖలందరన్న కొళాయి దగ్గర నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాను తాగకూడని నీళ్లు. తాగాను.

మా ఆయన పోయాక ఆయన మాట ఇంత దగ్గరగా వినడం ఇదే. ఇంట్లో ఆయన ఫోటో ఉంది, దండ ఉంది. మాట మాత్రం అక్కడ లేదు.

మార్చి 19, బుధవారం

ఊరు నా నవ్వును ఇంటికి చేర్చింది, నాకంటే ముందే.

నాగేశ్వర పడసాలలో నిలబడి ఉన్నాడు. మౌనిక గడప దగ్గర. అత్త మంచం మీద. అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

“మొగుడు పోయి మూడు నెల్లు గాలేదు. లైబ్రరీలో పకపకా నవ్వుతాంటివంట. ఆ సాయిబు నీళ్లు తెచ్చిచ్చినాడంట. నేను రేపు నలుగురి దగ్గర ఓటు అడగాల్సినోణ్ని వదినా. నా మొగం యాడ పెట్టుకోవల్ల?”

నవ్వింది నేను, ముఖం పెట్టుకోవాల్సింది నువ్వా అని అడిగాను.

“రేప్పట్నుంచి ఆ పక్కకు పోవద్దు.”

“పోతాను.”

ఆ ఒక్క మాటే అన్నాను. ఎందుకని, ఏం చదువుతున్నానని, ఎందుకు నవ్వానని చెప్పలేదు. చెబితే ఒప్పుకోమని బతిమాలినట్టు ఉంటుంది. అతను హైస్కూలు చదివే రోజుల్లో పరీక్షలకు లేపి కాఫీ పెట్టిచ్చింది నేను. మాకు పిల్లల్లేరు, ఆయన తర్వాత ఈ ఇంట్లో నా చెయ్యి ఎక్కువ పట్టుకుని తిరిగింది వాడే. ఈ రోజు నా వైపు వేలు చూపిస్తే ఆ చేతిలో అన్నం ముద్దలు పెట్టిన రోజు గుర్తొచ్చింది. అయినా పోతాను.

మార్చి 20, గురువారం

పోయాను.

మార్చి 22, శనివారం

ఈ రోజు కుర్చీలు లేవు. ఉన్నాయి, అన్నింట్లో మనుషులు ఉన్నారు. రోజూ రానివాళ్లు, నాగేశ్వర వెనక తిరిగేవాళ్లు, ఒకే పేపరును ముగ్గురు పట్టుకుని కూర్చున్నారు. ఒకడు పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది, నవ్వలేదు. వాళ్లకు అంత సంతోషం ఎందుకు ఇవ్వాలి.

దాదా ఖలందరన్న తన కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు. “నీ కుర్చీలో కూచుంటే రేపు దానికీ ఒక కథ కడతారన్నా” అన్నాను. కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడి చదివాను. నిలబడినా అక్షరాలు అవే. పదకొండుకు లైబ్రరీ మూసేదాకా నిలబడ్డాను. వాళ్లు అంతకు ముందే ఆవలిస్తూ లేచిపోయారు. చదవనివాడికి లైబ్రరీలో కూర్చోవడం ఎంత కష్టమో పాపం.

కాళ్లు పీకుతున్నాయి. అత్త ఏమీ అనకుండా ఆముదం గిన్నె నా మంచం దగ్గర పెట్టి పోయింది.

మార్చి 23, ఆదివారం

పొద్దున లైబ్రరీ తలుపు తీసేసరికి వీధి అవతల నుంచి ఒకామె నెత్తిన నీలం ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకుని వస్తోంది. దాదా ఖలందరన్న భార్య, దాదాబీ. కుర్చీ కిటికీ దగ్గర దించి, కొంగుతో తుడిచి, కూర్చో అక్కా అంది. తాను ఆ పక్కనే నేల మీద చాప వేసుకుని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

పేపర్ల వాళ్లందరికీ వినబడేలా అంది: “మా ఆయన దగ్గర నేనే ఉండా. ఇంగ ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోమను.”

దాదా ఖలందరన్న తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మార్చి 26, బుధవారం

లైబ్రరీ మూసే ముందు దాదా ఖలందరన్న నన్ను వరండాలోకి పిలిచాడు. దాదాబీ కూడా వచ్చి నిలబడింది. ఎవరో పైవాళ్లకు ఫిర్యాదు చేశారట. లైబ్రరీలో పద్ధతి లేదని, ఆడవాళ్లతో నవ్వులాటలని. ఎవరో అన్నాడు గానీ, ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయనది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఒక్క ఫోనుతో పోతుంది. పైనుంచి ఒక సారు మాట్లాడాడట, ఏందప్పా సంగతి అని మంచిగానే అడిగాడట. పండగలైపోయాక వచ్చి చూస్తానన్నాడట.

పుస్తకాలు దాదాబీ చేత ఇంటికి పంపిస్తాను, నువ్వు ఏది అడిగితే అది, అన్నాడు. అంత మంచి మనిషి అంత మెల్లగా అడిగితే కాదనడం కష్టం. కాదన్నాను.

“ఇంటికొస్తే నాగేశ్వర చూరు కింద చదివినట్లన్నా. ఈడ చదివితేనే నేను చదివినట్లు. నీ ఉద్యోగానికి నా వల్ల ముప్పు వస్తే ఆ సారుతో నేనే మాట్లాడతా. దాక్కొని మాత్రం చదవను.”

ఆయన లోపల పిల్లల పుస్తకాల వైపు చెయ్యి చూపించాడు. ఈ కొలువులో చేరినప్పటి నుంచి, ఆడవాళ్లు వస్తే బాగుండునని పిల్లల పుస్తకాల పక్కన ఒక బల్ల ఖాళీగా పెట్టుకున్నాడట. ఒక్కరూ రాలేదట. “వచ్చిన ఒక్కదాన్ని నేనే పొమ్మంటాండా” అన్నాడు. తర్వాత, సరే రాండి అమ్మా, వచ్చేది రానీ అన్నాడు.

 ధైర్యంగా మాట్లాడడం సులభమే. పోతే ఆయన కొలువు పోతుంది, నాది కాదు. అది రాయకుండా ఉండలేను.

మార్చి 27, గురువారం

గుండె పుస్తకం తెరిచాను.

మొదటి గంట.

మార్చి 30, ఆదివారం

ఉగాది. మా ఇంట్లో లేదు. మౌనిక తన పుట్టింటికి పోయింది. ఎవరో గిన్నెలో పచ్చడి పంపారు, తాకలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

నిన్న రంజాన్. దాదాబీ సేమియా పాయసం తెచ్చి, ఇంట్లోకి రాకుండా గేటు దగ్గరే ఇచ్చి పోయింది. ఎందుకు రావడం లేదని కళ్లతో అడిగింది. తలనొప్పి అన్నాను.

తలనొప్పే.

ఏప్రిల్ 2, బుధవారం

ఈ రోజు అత్త అడిగింది.

ఆమె అడగదు. ఏ విషయమూ అడగదు, అందుకే ఈ ఇంట్లో ఇన్నాళ్లు ఉండగలిగాను. చుక్కల మందు వేశాక, కన్ను మూసుకునే, ‘లైబ్రరీకి యాలమ్మే పోతాల్యావు?’ అంది.

ఎండగా ఉందన్నాను.

“ఎండ నిన్న మొదలైందా?”

అప్పుడు చెప్పాను. పుస్తకంలో ఏముందో చెప్పాను. గుండెపోటు కడుపులో మంటలాగా కూడా వస్తుందని, చాలామంది గ్యాస్ అనుకుంటారని, ఒక్కోసారి డాక్టర్లే పోల్చుకోలేరని. అక్కడిదాకా చదివి నాకు ఊపిరి వచ్చిందని. పేజీ తిప్పితే, మొదటి గంటలో ఆసుపత్రికి చేరితే బతికే అవకాశం చాలా ఎక్కువ అని ఉందని. ఆ గంటలో నేను మజ్జిగ చిలికానని.

అత్త కన్ను తెరిచింది. మందు చెంప మీదికి కారింది.

“నువ్వు లెమ్మంటే వాడు లెయ్యల్యా. నాకు ఇనపడింది. దొడ్లోకి పోయి నువ్వు ఫోను చేసిండేది గూడా ఇనపడింది. కండ్లు పోయినాయిగానీ చెవులు పోల్యా.”

 ఇన్ని రోజులు ఆమె కోసం నేను దాచాననుకున్నాను. ఆమె కొడుకు కోసం ఆమె దాచింది. ఒకే మాటను ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఒకే ఇంట్లో తిరిగాము.

కోపం వచ్చింది. పదకొండో రోజు ఆమె ఒక్క మాట అని ఉంటే! అది కూడా రాస్తున్నాను. వచ్చింది. చాలా వచ్చింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆమె నా కొంగు పట్టుకుంది, పిల్లలు పట్టుకున్నట్టు.

రేపు నన్ను గూడా పిల్చుకోని పో అంది.

ఏప్రిల్ 3, గురువారం

చెయ్యి పట్టుకుని అత్తను నడిపించుకుపోయాను. బజారులో అందరూ చూశారు. బయమ్మ ఇల్లు దాటి నెలలయింది. దాదాబీ నీలం కుర్చీలో అత్తను కూర్చోబెట్టి తాను చాప మీద కూర్చుంది. నేను బల్ల దగ్గరికి పోయాను. తిప్పయ్య లేచి తన కుర్చీ నా వైపు జరిపాడు. నా నవ్వు సంగతి మొదట బజారులో చెప్పింది ఆయనేనట. చెడ్డగా చెప్పలేదమ్మా, దానికి మూడు గుండెలంటనే చెప్పినా, ఊరు దాన్ని ఏమో చేసింది అన్నాడు. కూర్చున్నాను.

పదిన్నర దాటాక నాగేశ్వర వచ్చాడు. కారు గుమ్మానికి అడ్డంగా ఆపాడు. వెనక ఇద్దరు. అతనికి తల్లి కనబడలేదు, కిటికీ పక్కన బీరువా అడ్డం.

లెయ్ వదినా అన్నాడు. లేవలేదు. పేజీ తిప్పాను. ఆ పేజీలో ఏముందో ఇప్పుడు అడిగితే చెప్పలేను, కానీ తిప్పాను.

దాదా ఖలందరన్న, ఇది అందరూ కూర్చునే చోటు సార్, గట్టిగా మాట్లాడొద్దు అన్నాడు.  నాగేశ్వర అతని వైపు తిరగలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నట్టు అన్నాడు:

“మా యన్నను మజ్జిగ తాపి సంపింది. ఇప్పుడు ఈడ కూచోని కథలు సదువుతాంది. మీరే చెప్పండప్పా, ఇది న్యాయమా?”

నేను పుస్తకం మూశాను. అనబోయాను. దేవుడి మీద ఒట్టు, ఈసారి అనేదాన్ని. నాలుక చివర దాకా వచ్చింది.

బీరువా వెనక నుంచి అత్త గొంతు వచ్చింది.

“ఫోను నీకే చేసింది రా.”

నాగేశ్వర బీరువా వైపు తిరిగాడు.

అత్త గోడ పట్టుకుని లేచింది. దాదాబీ చెయ్యి అందించింది. “రెండుసార్లు చేసింది. నువ్వు ఎత్తల్యా. నాకు తెలుసు, నీకూ తెలుసు. నువ్వు ఎత్తుంటే వాడు బతికేటోడని నేను అన్ల్యా. ఒగ పొద్దు గూడా అన్ల్యా. నువ్వు దాన్ని అంటాండావు.”

 నాగేశ్వర వెనక ఉన్న ఇద్దరూ ఎప్పుడు బయటికి జారుకున్నారో తెలియదు. పేపర్లు ఏవీ కదలలేదు. అతను వరండాలోకి పోయి మెట్టు మీద కూర్చున్నాడు. 

గెలిచాను అనిపించాలి. అనిపించలేదు. ఆ వీపు చూస్తే ఆయన వీపే. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వాలు.

గుండె పుస్తకం తీసుకుని బయటికి పోయి అతని పక్క మెట్టు మీద కూర్చున్నాను. కడుపుమంట ఉన్న పేజీ చదివాను. గట్టిగా, నిదానంగా, స్కూల్లో చదివినట్టు. తర్వాత పేజీ తిప్పి మొదటి గంట గురించి కూడా చదివాను. ఒక్క వాక్యం వదల్లేదు. తీయగా ఉన్నది చదివి చేదుగా ఉన్నది దాచడానికి నేను పుస్తకం పట్టలేదు.

“ఆ పొద్దు ఆయనకు తెల్దు, నాకు తెల్దు, నీకు తెల్దు” అన్నాను. “ఇప్పుడు తెలుసు. ఇంగ నాకు ఆ మజ్జిగ మాట వినపడగూడదు నాగేశ్వరా.”

అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ఓదార్చలేదు. లేచి రాలేదు కూడా. పక్కనే ఉన్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

పైనుంచి సారు వచ్చాడు. కళ్లజోడు సారు, చెమటతో తడిసిపోయాడు. లైబ్రరీ అంతా తిరిగి చూశాడు. నేను లేచి, నవ్వింది నేనేనని చెప్పాను. ఎందుకు నవ్వారమ్మా అన్నాడు. ఆక్టోపస్ పేజీ తీసి చూపించాను, మా ఆయన ఏమనేవాడో చెప్పాను. సారు నవ్వాడు. బల్ల దగ్గర తిప్పయ్య కూడా నవ్వాడు, ఈసారి అర్థమైంది కాబోలు. ఫిర్యాదు చేసినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్నారని సారు దాదా ఖలందరన్నతో చెప్పి పోయాడు.

సాయంత్రం అత్త చాప మీద, దాదాబీ పక్కన, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె కుందుర్పి నుంచి కూతురింటికి వచ్చిందట, ఏం జరుగుతోందో చూద్దామని లోపలికి వచ్చింది. వరండాలో అయితే ఎవరికీ అడ్డం ఉండదని దాదా ఖలందరన్న అక్కడ లైటు వేశాడు. తేనెటీగల పుస్తకం చదివి వినిపించాను. రాణి ఈగ గూడు విడిచిపోయే చోట అత్త, ఆగాగు, మళ్లీ చదువు అంది. ఆమె ఏదీ అడగని మనిషి. ఆ ఒక్క చోటే రెండుసార్లు అడిగింది.

ఏప్రిల్ 9, బుధవారం

రాత్రి అన్నాల దగ్గర నాగేశ్వర నా కంచం పక్కన కూర్చున్నాడు. ముఖం గుంజుకుపోయి ఉంది. ముద్ద కలుపుతూ అన్నాడు.

“ఊర్లో అందరికీ చెప్పినా వదినా. ఇంగ నిన్ను ఎవురూ ఏమీ అనరు. నువ్వు పో. రోజూ పో, సదువుకో. నేనే చెప్తాండా.”

మంచి మనసుతోనే అన్నాడు. అది నాకు తెలుసు. క్షమాపణ అడగడం చేతకాక ఆ రూపంలో అడిగాడని కూడా తెలుసు. మౌనిక నా వైపు చూస్తోంది. అత్త ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది. సరే నాగేశ్వరా అంటే ఆ పూట హాయిగా గడిచిపోయేది.

“నువ్వు పొమ్మన్యావని పోను నాగేశ్వరా” అన్నాను. “నువ్వు వద్దన్నప్పుడూ పోయినా. నేను పోతాండా, అంతే.”

అతను తల ఎత్తాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తల ఊపి, చారు గిన్నె నా వైపు జరిపాడు.

అత్త ముద్ద మింగి, పొద్దున ఎన్నింటికి తెరుస్తారు అని మౌనికను అడిగింది. మౌనిక నా వైపు చూసి, ఎనిమిదికి అంది. దానికి ఎట్లా తెలుసో!

ఏప్రిల్ 10, గురువారం

ఎనిమిదికి పోయాను. ముగ్గురం పోయాము.